తమ్ముణ్ణి ఏమీ అనకండి

నాన్నగారికి,

నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. అమ్మకి ముందు ఈ నాలుగు ముక్కలు చదివి వినిపించండి: జలుబు పూర్తిగా తగ్గింది, నిద్ర పడుతోంది, జీతం టైముకే పడుతోంది, బయటికి ఒక్కదాన్నే వెళ్లడం లేదు. అడిస్ అబాబాలో వానలు మొదలయ్యాయి. ఈ సెమిస్టరు నాకు పరిశ్రమల ఆర్థికశాస్త్రం ఇచ్చారు. పిల్లలు బాగా వింటారు. కాంట్రాక్టు పొడిగింపు కాగితాలు ఆఫీసులో ఉన్నాయి, వస్తాయి. ఉద్యోగం సంగతి ఇంతే.

మొన్న ఫోనులో అమ్మ గొంతు తగ్గించి చెప్పింది, తమ్ముడు ఫ్యాక్టరీ మానేసి వచ్చేశాడని. మీరు వాడితో మాట్లాడటం లేదని కూడా చెప్పింది. రెండు నెలలు కూడా నిలవలేని వాడికి ఇంకెక్కడ నిలకడ వస్తుంది అన్నారట. ఆ మాట విన్నప్పటి నుంచీ మనసు మనసులో లేదు నాన్నా. ఫోనులో చెబితే మధ్యలో గొంతు పెరుగుతుంది, మీదో నాదో. అందుకే రాస్తున్నాను.

నేను క్లాసులో చెప్పే పాఠాల్లో ఈ ఇథియోపియాలోనే జరిగిన ఒక పరిశోధన ఉంది. క్రిస్ బ్లాట్‌మన్, స్టెఫాన్ డెర్కాన్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు చేశారు. ఇక్కడి ఐదు కంపెనీలతో మాట్లాడుకున్నారు. ఉన్న ఉద్యోగాల కంటే దరఖాస్తులు ఎక్కువ వస్తాయి కదా, అందులో అర్హులైన వాళ్లను లాటరీ తీసినట్టు మూడు భాగాలు చేశారు. కొందరికి ఫ్యాక్టరీలో ఉద్యోగం. కొందరికి 300 డాలర్లు చేతికిచ్చి, సొంతంగా ఏదైనా పెట్టుకోమని కొంచెం శిక్షణ. మిగిలిన వాళ్లకు ఏమీ లేదు. దాదాపు వెయ్యి మంది, ఎక్కువగా ఆడపిల్లలు. ఫ్యాక్టరీ ఉద్యోగం దొరికితే బతుకు నిలబడుతుందనే అందరమూ అనుకుంటాం. వాళ్లూ అలాగే అనుకుని మొదలుపెట్టారు.

తేలింది వేరు. ఉద్యోగం వచ్చిన వాళ్లలో ఎక్కువమంది కొన్ని నెలల్లోనే మానేశారు. ఏడాది తర్వాత వెళ్లి చూస్తే, ఉద్యోగం వచ్చిన వాళ్ల సంపాదనకీ రాని వాళ్ల సంపాదనకీ తేడా లేదు. ఆరోగ్యం మాత్రం ఉద్యోగం వచ్చిన వాళ్లకే ఎక్కువగా దెబ్బతింది. 300 డాలర్లు తీసుకున్న వాళ్ల సంపాదన ఆ ఏడాదిలో 33 శాతం పెరిగింది. ఇది 2018లో అచ్చయింది. అంతమంది మానేశారంటే వాళ్లందరూ నిలకడ లేనివాళ్లేనా నాన్నా? ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తేనో, చేస్తున్న పని పోతేనో గండం గడవడానికి ఫ్యాక్టరీకి వచ్చారు. గండం గడిచాక వేరే దారి చూసుకున్నారు. తమ్ముడు కూడా ఎప్పుడు చేరాడో గుర్తు చేసుకోండి. మీ ఆపరేషన్ అయిన నెలలో. ఎవరూ అడక్కుండానే చేరాడు. ఆ మాట ఇంట్లో ఎవరూ అనరు, నేనంటున్నాను.

నా క్లాసులో ఒకమ్మాయి ఉంది. ఇక్కడికి దక్షిణాన హవాసా అనే ఊళ్లో 2016లో పెద్ద పారిశ్రామిక పార్కు తెరిచారు, అంతా బట్టలు కుట్టే ఫ్యాక్టరీలే. చదువులోకి రాకముందు ఆమె అక్కడ పనిచేసింది. ఒకరోజు క్లాసయ్యాక తను చేసిన పని నాకు చేతులతో చూపించింది. గుడ్డ ముక్క ఎడమ చేత్తో తీసుకోవడం, మడత సరిచూడటం, సూది కింద పెట్టి కాలితో తొక్కడం, తిప్పడం, పక్క డబ్బాలో వేయడం. చొక్కా చేతి అంచు, అదొక్కటే. నెలల తరబడి కుట్టినా పూర్తి చొక్కా ఒక్కటీ కుట్టలేదట. లైన్ సూపర్‌వైజర్ గంటగంటకీ లెక్క బోర్డు మీద రాస్తాడట. వచ్చే జీతం గది అద్దెకీ తిండికీ సరిపోక గదిలో నలుగురు ఉండేవాళ్లట. అప్పటికి ఈ దేశంలో ప్రైవేటు ఉద్యోగాలకు కనీస వేతనం ఇంతని నిర్ణయించలేదు. ఇక్కడి బట్టల ఫ్యాక్టరీల్లో మూల వేతనం నెలకు 26 డాలర్లని 2019లో న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్లు రాశారు. ఆ తర్వాత ఈ దేశం ఉత్తరాన టిగ్రాయ్‌లో యుద్ధం. ఆ యుద్ధం కారణంగానే 2022 జనవరి నుంచి అమెరికా ఈ దేశపు సరుకుకి సుంకం మినహాయింపు తీసేసింది. ఎక్కడో తీసుకున్న నిర్ణయానికి ఇక్కడ కుట్టుమిషన్ల మీద ఉన్న పిల్లల పనులు పోయాయి. ఆమె చెబుతుంటే నాకు తమ్ముడే కళ్లముందు మెదిలాడు.

మీరు ముప్పై ఏళ్లు మిల్లులో చేశారు. మీ చెవి ఒకటి సరిగా వినపడకపోవడం అక్కడిదే, నాకు తెలుసు. ఆ జీతంతోనే నేనీ దేశం దాకా వచ్చాను. ఫ్యాక్టరీ పనిని నేను తక్కువ చేసి మాట్లాడుతున్నానని మాత్రం అనుకోకండి. కానీ మీరు చేరినప్పుడు ఆరు నెలల్లో పర్మినెంట్ చేశారు. పీఎఫ్, ఈఎస్ఐ, యూనియన్, చివర్లో గ్రాట్యుటీ. ఇవాళ ఓర్చుకుంటే రేపు ఏమొస్తుందో మీకు తెలుసు. తమ్ముడి జీతం కంపెనీ ఇచ్చేది కాదు, లేబర్ కాంట్రాక్టరు ఇచ్చేది. పదకొండో నెలలో తీసేసి మళ్లీ కొత్తగా చేర్చుకుంటామని మొదటిరోజే చెప్పారట. మన దేశంలో రిజిస్టరైన ఫ్యాక్టరీల కార్మికుల్లో 2000 ప్రాంతంలో కాంట్రాక్టు వాళ్లు ఐదుగురిలో ఒకరు. 2022-23 వార్షిక పరిశ్రమల సర్వే నాటికి ఐదుగురిలో ఇద్దరు. మీరు ఓర్చుకున్నది ఒక ఉద్యోగాన్ని. వాణ్ణి ఓర్చుకోమంటున్నది ఏమిటో నాకు అర్థం కావడం లేదు.

రంగుల సెక్షన్లో వేశారని, మాస్కు అడిగితే వచ్చే వారం అన్నారని వాడు నాతో చెప్పాడు. మీకు చెప్పలేదు. దగ్గు ఇంకా ఉందా? అమ్మ లేదంటోంది కానీ ఫోనులో నాకు వినపడింది.

బాబాయి సంగతి కూడా రాయాలి. తమ్ముణ్ణి బాబాయి యూనిట్‌లో పెడదామని మీరు అనుకుంటున్నారట. పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ బాబాయికి ఎదగాలనే ఆశ లేదని, ఇన్నేళ్లయినా అదే షెడ్డు, అదే ఆరుగురు అని మీరు వాడి ముందు అనకండి. మన దేశంలో చిన్న యూనిట్ల కథ చాలావరకు అదే. షై, క్లెనో అని ఇద్దరు 2014లో లెక్కలు తీశారు. అమెరికాలో నలభై ఏళ్లు నిలిచిన ఫ్యాక్టరీలో, కొత్తగా పెట్టిన దాంట్లో కంటే ఏడు రెట్లకు పైగా మనుషులు ఉంటారు. మన దేశంలో ఫ్యాక్టరీ వయసు అంత పెరిగినా మనుషులు సుమారు రెట్టింపు మాత్రమే అవుతారు. మెక్సికోలోనూ అంతే. ఇంతమంది బాబాయిలు ఒక్కసారే బద్ధకస్తులై ఉండరు కదా!

ముంబయి దగ్గర బట్టల మిల్లుల్లో నికొలస్ బ్లూమ్ వాళ్లు చేసిన పని బాబాయికి ఉపయోగపడుతుంది, ఆయనకి మీరే చెప్పండి, నేను చెబితే చిన్నపిల్ల చెప్పిందంటాడు. 17 సంస్థలు, 28 మిల్లులు. గోదాములో నూలు సంచులు ఏ రంగువో ఏ రకమో చీటీ లేకుండా కుప్పలుగా ఉండేవి. కావలసిన నూలు లోపలే ఉన్నా కనపడక మళ్లీ కొనేవాళ్లు. పనిముట్లు ఎక్కడ పడితే అక్కడ. మిషను ఆగిపోతే ఎందుకు ఆగిందో రాసుకునే పుస్తకం లేదు. కొన్ని మిల్లులకు కన్సల్టెంట్లు వచ్చి చీటీలు పెట్టించి, ఏ రోజు ఏ మిషను మీద ఎన్ని లోపాలు వచ్చాయో రాయించారు. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. అయితే నన్ను పట్టుకున్నది ఆ 17 కాదు. ఒక సంస్థ ఎంత పెద్దదవుతుందో తేల్చేది ముఖ్యంగా యజమాని ఇంట్లో ఎంతమంది మగవాళ్లున్నారన్నది, మేనేజ్‌మెంట్ ఎంత బాగుందన్నది కాదు. బయటివాడికి తాళాలు ఇవ్వరు. ఇస్తే దోచుకుపోతాడని భయం, దోచుకుపోతే కోర్టులో న్యాయం దొరకడానికి ఏళ్లు పడుతుందని ఇంకో భయం. బాబాయి బీరువా తాళం మొలతాడుకే ఉంటుంది, మీకు తెలియనిదా. తమ్ముడు వెళితే ఆ తాళం వాడికి ఇస్తాడేమో చూడాలి. ఇస్తే వాడు నిలబడతాడు. ఏడో కూలీగా పెట్టుకుంటే అక్కడా మానేస్తాడు, ఇప్పుడే చెబుతున్నాను.

పిన్ని వాళ్ల చిన్నది డిగ్రీ మధ్యలో ఆపేసి ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేరతానంటోందని అమ్మ చెప్పింది. వద్దని గట్టిగా చెప్పండి, మీ మాట వింటుంది. మెక్సికోలో ఎగుమతి ఫ్యాక్టరీలు వచ్చినప్పుడు, ప్రతి 25 ఉద్యోగాలకి ఒక పిల్లో పిల్లాడో పన్నెండు దాకా చదవకుండా తొమ్మిదితోనే బడి మానేశారని డేవిడ్ అట్కిన్ చూపించాడు. బంగ్లాదేశ్‌లో ఇంకో రకంగా జరిగింది. గార్మెంట్ ఫ్యాక్టరీలు దగ్గర్లో ఉన్న ఊళ్లలో ఆడపిల్లలు ఎక్కువ చదివారు, పెళ్లిళ్లు ఆలస్యంగా అయ్యాయి. లెక్కలు వచ్చిన వాళ్లకు మంచి పని దొరుకుతుందని తల్లిదండ్రులు బడికి పంపారు. కాబట్టి కంపెనీ చెడ్డదని నేననను. డిగ్రీ పూర్తిచేసి వెళ్లమనండి. కంపెనీ ఎక్కడికీ పోదు, పోయినా ఇంకొకటి వస్తుంది. చదువు ఒకసారి ఆగితే మళ్లీ పుస్తకం పట్టడం ఎంత కష్టమో మీ చెల్లెలినే అడగండి.

మళ్లీ తమ్ముడి దగ్గరికే వస్తున్నాను, క్షమించండి. ఆ పరిశోధన వాళ్లు అయిదేళ్ల తర్వాత ఆ వెయ్యి మందినీ మళ్లీ వెతికి పట్టుకున్నారు. ఉద్యోగం వచ్చిన వాళ్లు, డబ్బు తీసుకున్న వాళ్లు, ఏమీ దొరకని వాళ్లు, మూడు గుంపులూ దాదాపు ఒకే చోటికి చేరారు. ఆ 33 శాతం నిలవలేదు. చెడిన ఆరోగ్యం తేడా కూడా నిలవలేదు. సొంతంగా ఏదో పెట్టుకుంటే చాలు, పైకొచ్చేస్తాడని నేను మీకు మాట ఇవ్వలేను. కానీ ఇరవై రెండేళ్లప్పుడు ఒక ఉద్యోగం వదిలేసినంత మాత్రాన బతుకు పాడైపోదని మాత్రం ఇక్కడ రోజూ పాఠం చెబుతున్నాను. ఎన్నిసార్లు చదివినా నాకు ధైర్యం ఇచ్చేది ఆ అయిదేళ్ల సంగతే. మీరు కూడా ధైర్యంగా ఉండండి.

ఈ నెల పంపేదాంట్లో కొంచెం ఎక్కువ వేశాను. ముందు వాణ్ణి ఛాతీ డాక్టరుకి చూపించి ఎక్స్‌రే తీయించండి. ఆ ఖర్చు పోగా మిగిలింది వాడి చేతికే ఇవ్వండి, దేనికని అడక్కండి. మిషన్ల రిపేరు నేర్చుకుంటానని నాతో అన్నాడు, మీతో అనడానికి భయపడుతున్నాడు. మిల్లులో మీరు మగ్గం విప్పి బిగించేవారు కదా, వాడికి కావలసింది మీ దగ్గరే ఉంది. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తాను. అప్పటికి మీరు వాడితో మాట్లాడి ఉండాలి. మీ బీపీ మాత్రల పేరు కూడా రాసి పెట్టుకోండి, డోసు పెంచారని అమ్మ అంది, నాకు చెప్పలేదేం?

మీ పెద్దమ్మాయి