ముందు మధ్య పొర తేల్చుకోండి: మన కుట్టు సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. కార్యదర్శిగా ఈ ఏడాది నివేదిక నేను రాస్తున్నాను. పోయినసారి అన్నీ తలా రెండు వాక్యాలు చెప్పి వదిలేశాను, ఈసారి అలా కాదు. ఈ ఏడాది మనం కలిసి కూర్చుని చేసింది ప్రధానంగా ఒక్క పనే, ఫ్లానెల్ (నూగు ఉన్న మెత్తటి బట్ట) ముక్కల బొంతలు, అంటే రాగ్ క్విల్ట్‌లు. నాలుగు మొదలుపెట్టాం, మూడు పూర్తయ్యాయి, నాలుగోదానికి ఇంకా గాట్లు పెట్టాలి. సమావేశాల్లో ఎక్కువసేపు నలిగింది, ఒకసారి గట్టిగానే వాదించుకున్నది కూడా ఒకే విషయం మీద: లోపల ఎన్ని పొరలు వెయ్యాలి, ఏ బట్ట వెయ్యాలి. కాబట్టి నివేదికంతా దాదాపు దాని గురించే.

కొత్తగా చేరినవాళ్ల కోసం పని ఏంటో ముందు చెప్తాను. మామూలు బొంతలో కుట్టు మార్జిన్, అంటే కుట్టు గీతకూ బట్ట అంచుకూ మధ్య వదిలే పట్టీ, లోపలికి పోయి కనపడదు. ఇందులో దాన్ని కావాలనే పైకి వదిలి, గాట్లు పెట్టి, ఉతుకుతాం. ఉతుకులో పోగులు విడివడి అంచంతా మెత్తగా కుచ్చులా విచ్చుకుంటుంది. ఒక్కో చదరపు గడికి పొరలన్నీ ముందే పేర్చి, మూల నుంచి మూలకు గుణకారం గుర్తులా కుట్టేసుకుంటాం, ఆ తర్వాతే గడులు కలుపుతాం. కలిపేటప్పుడు వెనకవైపులు ఒకదానికొకటి ఆనాలి, అప్పుడే మార్జిన్ ముందువైపుకు వస్తుంది. జాకెట్లూ చొక్కాలూ కుట్టి అలవాటైన చేతులు దీనికి విరుద్ధంగా మంచివైపులు కలిపేస్తాయి. మొదటి బొంతలో ఒక వరస మొత్తం అలా కుట్టి విప్పాం, విప్పేటప్పుడు ఫ్లానెల్ నూగులో కుట్టు దారం కనపడక చాలా కష్టపడ్డాం. పిన్నులు పెట్టాక ఒకసారి పక్కనున్నవాళ్లకు చూపించి, ఆ తర్వాతే మిషన్ కిందికి పంపండి.

మొదటి బొంతలో అసలు దెబ్బ తగిలింది మధ్య పొర దగ్గర. ముందూ వెనకా ఫ్లానెల్, మధ్యలో కాటన్ బ్యాటింగ్, అంటే పరుపులా పరిచిన దూది పొర. మూడింటినీ ఒకే కొలతకు, 8 అంగుళాలకు కత్తిరించాం. కుట్టినప్పుడు బ్రహ్మాండంగా ఉంది, గాట్లు పెట్టినప్పుడు కూడా ఎవరికీ అనుమానం రాలేదు. మొదటి ఉతుకు అయ్యాక మిషన్ మూత తీస్తే బొంత నిండా తెల్లటి దూది ఉండలు. కుచ్చులో ఇరుక్కుని, వేళ్లతో లాగితే ఇంకాస్త వెంట వచ్చే ఉండలు. కారణం ఇప్పుడు ఆలోచిస్తే తేలికే. నేసిన బట్టలో పడుగూ పేకా ఉంటాయి, అంచు విడిపోతే పోగులు వస్తాయి, ఆ పోగు రెండో కొస కుట్టు కింద పట్టుబడి ఉంటుంది. బ్యాటింగ్‌లో నేత లేదు, అది పీచు మాత్రమే, మార్జిన్‌లో బయటపడితే నీళ్లకు ఊడి వచ్చేస్తుంది. ఆ బొంతను నలుగురం కూర్చుని మూడు సాయంత్రాలు శుభ్రం చేశాం. ఇప్పుడు వాడకంలో ఉంది, బాగుంది, కానీ ఆ సాయంత్రాలు నాకు గుర్తుండిపోయాయి.

అంచేత బ్యాటింగ్ వెయ్యాలనుకుంటే దాన్ని కుట్టు గీతకు లోపలే ఆపెయ్యాలి. 8 అంగుళాల ముక్కకు అరంగుళం మార్జిన్ అనుకుంటే, కుట్టాక మిగిలే గడి 7 అంగుళాలు, బ్యాటింగ్ ముక్క 6.5 అంగుళాలు చాలు. నాలుగువైపులా పావంగుళం ఖాళీ ఉంటుంది, కుట్టుకూ అడ్డం రాదు. గుణకారం కుట్టు ఎలాగూ దాన్ని కదలకుండా పట్టుకుంటుంది. బ్యాటింగ్ ప్యాకెట్ మీద ఎన్ని అంగుళాలకొక కుట్టు ఉండాలో రాసి ఉంటుంది, అది కూడా చూసుకోండి.

రెండో బొంతకు మధ్యలో ఫ్లీస్ వేద్దామన్నారు కొందరు. తేలిక, వెచ్చన, త్వరగా ఆరుతుంది, అన్నీ నిజమే. కానీ ఫ్లీస్ అల్లిక బట్ట, పాలిస్టర్, దానికి పోగులు ఊడవు. మార్జిన్ దాకా వేస్తే ఎన్ని ఉతుకులైనా కత్తిరించిన పట్టీలు పట్టీల్లాగే ఉండి, చుట్టూ విచ్చుకున్న ఫ్లానెల్ మధ్యలో మొండిగా నిలబడతాయి. నమూనా గడులు కుట్టి చూసి ఈ సంగతి ముందే తెలుసుకున్నాం కాబట్టి బొంత మొత్తం పాడు కాలేదు. ఫ్లీస్ వాడొచ్చు, బ్యాటింగ్‌లాగే చిన్న ముక్కగా. ఆ బొంతకు చివరికి మూడు పొరలూ ఫ్లానెలే వేశాం, నా ఉద్దేశంలో ఈ ఏడాది మన చేతుల్లోంచి వచ్చిన అన్నిట్లోకీ అదే మంచిది.

మూడు పొరల ఫ్లానెల్ ఎందుకు అంత బాగా వచ్చిందంటే, కుచ్చు ఒత్తు వల్ల. రెండు గడులు కలిసే కుట్టు దగ్గర మూడూ మూడూ ఆరు పొరలు పైకి లేస్తాయి. బ్యాటింగ్‌ను లోపలే ఆపేస్తే అక్కడ నాలుగే లేస్తాయి, కుచ్చు పలచగా కనిపిస్తుంది. అలాగని నాలుగు పొరలు వేద్దామా అని అడిగినవాళ్లకు జవాబు ఈ లెక్కలోనే ఉంది: వరసకు వరస కలిపేచోట, నాలుగు మూలలు కలిసే చోట, మార్జిన్లు విడదీసి పరిచినా మూడు పొరల బొంతలో సూది కింద 12 పొరలు ఉంటాయి. నాలుగైతే 16. ఇంట్లో వాడే మిషన్‌కు అది చాలా బరువు. 12 దగ్గరే మాకు ఒక సూది విరిగింది. అప్పటినుంచి 90/14 సైజు సూది, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు పెట్టుకుని, వాకింగ్ ఫుట్ (పై పొరలనూ కింది పొరలనూ కలిపి ముందుకు నడిపే మిషన్ పాదం) ఉన్నవాళ్లు అది బిగించుకుని, ఆ కూడలి దగ్గరికి రాగానే పెడల్ మీంచి కాలు తీసేసి చేత్తో చక్రం తిప్పుతున్నాం. మధ్యలో డెనిమ్ గడులు కూడా కలపాలనుకునేవాళ్లు సూది 100/16కు మార్చండి, డెనిమ్‌కు మధ్య పొర అసలు వెయ్యకండి.

మధ్య పొర కనపడదు కదా, మిగిలిన బట్ట ఏదైనా వేసేద్దాం అనుకోవడం ఇంకో పొరపాటు, ఇది మాత్రం నేను చేసిందే. ముదురు నీలం, మెరూన్ గళ్లు ముందుకు, వెనక ముదురు బూడిదరంగు పెట్టి మధ్యలో తెల్ల ఫ్లానెల్ వేశాను. గడిలో కనపడదు, నిజమే. కుచ్చులో కనపడుతుంది! గాట్లు పెట్టి ఉతికాక ప్రతి కుట్టు వెంట తెల్లటి గీత పైకి లేచి, దూరం నుంచి చూస్తే బొంత మీద సుద్దముక్కతో గళ్లు గీసినట్టు ఉంది. కొందరికి నచ్చింది, నాకు ఇప్పటికీ మనసు ఒప్పడం లేదు. మధ్య పొరను ముందు బట్టలోని ఏదో ఒక రంగుతో కలిపితే కుచ్చు లోతుగా కనిపిస్తుంది, విరుద్ధమైన రంగు వేస్తే గీతలా కనిపిస్తుంది. ఏది కావాలో ముందే అనుకుని వెయ్యండి.

దీనికే ముడిపడిన ఇంకో సంగతి. అచ్చు వేసిన ఫ్లానెల్‌కు వెనకవైపు పాలిపోయి ఉంటుంది, రంగు పైపైనే ఉంటుంది. నూలుకు ముందే రంగు వేసి నేసిన గళ్ల ఫ్లానెల్‌కు రెండువైపులా ఒకేలా ఉంటుంది. కుచ్చులో పోగు పోగూ విడిపోతుంది కాబట్టి అచ్చు బట్ట కుచ్చు లేతగా, నేత గళ్ల కుచ్చు నిండు రంగులో వస్తుంది. బొమ్మల అచ్చులు పిల్లల బొంతలకు ఎంత ముద్దుగా ఉంటాయో తెలుసు, వద్దనడం లేదు, అవి వేసినప్పుడు పక్క గడులకు నేత గళ్లు వేస్తే కుచ్చు వెలవెలబోదు.

బట్ట ఎంచుకునేటప్పుడు చేత్తో పట్టుకుని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తే నేత మరీ వదులు, కుచ్చు త్వరగా వస్తుంది కానీ కొన్ని ఉతుకులకు చిరుగు కుట్టుదాకా పాకి గడి పిగిలిపోతుంది. అస్సలు రాకపోతే నేత బిగువు, బొంత గట్టిగానే ఉంటుంది, కుచ్చు మాత్రం ఆలస్యంగా విచ్చుకుంటుంది. నూగు రెండువైపులా ఉందా ఒకవైపే ఉందా కూడా వేలితో రుద్ది చూసుకోవాలి, ఒకవైపే ఉంటే వెనక పొరకు ఆ మెత్తటివైపు బయటికి రావాలి, ఒంటికి తగిలేది అదే కాబట్టి. ఇంకొకటి, ముక్కలు నేరుగానే కత్తిరించండి. బట్ట కలిసొస్తుందని క్రాస్‌లో, అంటే ఏటవాలుగా, కత్తిరించిన ముక్కల అంచుకు పోగులు సరిగ్గా ఊడవు, పైగా కుట్టేటప్పుడు సాగి గడి వంకరపోతుంది.

ముందే ఉతకాలా వద్దా అన్న వాదన ఈ ఏడాదీ తెగలేదు. నా అభిప్రాయం రాస్తున్నాను, ఒప్పుకోనివాళ్లు సమావేశంలో చెప్పండి. మూడు పొరలూ ఒకే రకం కొత్త ఫ్లానెల్ అయితే ఉతకకుండా కుట్టడమే మంచిది, మొదటి ఉతుకులో అన్నీ కలిసి కుదించుకుని గడి కాస్త ఉబ్బి అందంగా వస్తుంది. పాత ఫ్లానెల్ చొక్కాలు కలిపితే మాత్రం కొత్తవి తప్పకుండా ఉతికి వాడాలి, ఎందుకంటే పాతవి కుదించుకోవడం ఎప్పుడో అయిపోయింది, పక్కన కొత్తది ముడుచుకుంటే గడి మూలలు లాక్కుపోతాయి. ముదురు ఎరుపు, ముదురు నీలం ఏవైనా సరే, తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు అంటితే ముందే విడిగా ఉతికేయండి. ఎంత కుదించుకుంటుందో తెలుసుకోవాలంటే 10 అంగుళాల ముక్క ఒకటి కొలిచి, ఉతికి, ఆరబెట్టి, మళ్లీ కొలవడమే. నిలువుకూ అడ్డానికీ విడివిడిగా కొలవండి, రెండూ ఒకేలా ఉండవు, మామూలుగా పడుగువైపు ఎక్కువ తగ్గుతుంది.

బట్ట ఎంత పడుతుందని ప్రతి సమావేశంలో అడుగుతున్నారు కాబట్టి మన మూడు పొరల బొంత లెక్కే ఇస్తున్నాను. అడ్డం 8, నిలువు 10, మొత్తం 80 గడులు, 8 అంగుళాల ముక్కలు. కుట్టాక చుట్టూ ఉండే కుచ్చు అంచు లెక్కలో కలపకపోతే 56 అంగుళాలకు 70 అంగుళాలు. పొరకు 80 చొప్పున 240 ముక్కలు. 42 అంగుళాల పన్నాలో వరసకు 5 ముక్కలు వస్తాయి, అంటే పొరకు 16 వరసలు, 128 అంగుళాలు, సుమారు మూడుంబావు మీటర్లు. అంచులు సరిచెయ్యడానికి ఇంకో పావు మీటరు కలుపుకోండి. చదరపు మీటరుకు 170 గ్రాములు తూగే ఫ్లానెల్ అయితే బొంత దాదాపు 1.7 కిలోలు, రెండు పొరలే వేస్తే 1.1 కిలోలు. చాలామంది పట్టించుకోనిది ఏంటంటే, 8 అంగుళాల ముక్క వైశాల్యంలో నాలుగో వంతుకు దగ్గరగా మార్జిన్‌కే పోతుంది. 5 అంగుళాల ముక్కలకు వస్తే మూడో వంతు దాటుతుంది. చిన్న గడులు చూడటానికి బాగుంటాయి, కుచ్చు దట్టంగా వస్తుంది, కానీ బట్ట, బరువు, కుట్టే సమయం అన్నీ పెరుగుతాయి.

గాట్ల గురించి. అరంగుళానికొకటి పెట్టినా ఈ కొలత బొంతకు సుమారు 2,500 గాట్లు. ఒక్కరే ఒక రోజులో కూర్చోవద్దు, బొటనవేలు పట్టేస్తుంది. స్ప్రింగ్ కత్తెర సంఘం దగ్గర ఉంది, అడిగి తీసుకెళ్లండి. గాటు కుట్టుకు కాస్త ఇవతలే ఆగాలి. పొరపాటున కుట్టు తెగితే ఆ చోట వెంటనే మళ్లీ కుట్టెయ్యాలి, తర్వాత చూద్దాం అనుకుంటే కుచ్చులో ఆ చోటు దొరకదు. మొదటి ఉతుకులో పీచు విపరీతంగా వస్తుంది, వాషింగ్ మిషన్ మధ్యలో ఆపి ఫిల్టర్‌లోని పీచు తీసెయ్యాలి, డ్రయర్ వాడేవాళ్లు పదేసి నిమిషాలకు ఒకసారి జాలీ శుభ్రం చెయ్యాలి, అక్కడ పేరుకున్న పీచు వేడికి అంటుకునే ప్రమాదం ఉంది. కుట్టు మిషన్‌లో కింది దారం ఉండే బాబిన్ కేస్ కింద కూడా ప్రతి రెండు వరసలకూ బ్రష్‌తో దులపండి.

పసిపిల్లల కోసం కుడుతున్నవాళ్లకు ఒక మాట. ఏడాది నిండని పిల్లలు పడుకునే చోట బొంతలు, దుప్పట్లు ఉంచకూడదని పిల్లల డాక్టర్లు చెప్తారు, కుచ్చులోంచి ఊడే పోగులు కూడా వాళ్ల వేళ్లకు చుట్టుకుంటాయి. పెద్దవాళ్లు పక్కన ఉండగా నేల మీద పరిచి ఆడించడానికి వాడండి, అందుకు రెండు పొరలు చాలు.

జమాఖర్చులు కోశాధికారి విడిగా పంపారు, చూసి సందేహాలుంటే ఆయన్నే అడగండి. కొత్తగా వాకింగ్ ఫుట్ ఒకటి, కటింగ్ మ్యాట్ ఒకటి వచ్చాయి. మిగిలిన ఫ్లానెల్ ముక్కలు రంగుల వారీగా సర్దిపెట్టాం, నమూనాలకు వాడుకోవచ్చు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం తీసుకున్న నిర్ణయం ఒకటే. ఏ బొంత మొదలుపెట్టినా ముందు నాలుగు గడుల నమూనా కుట్టి, గాట్లు పెట్టి, మూడుసార్లు ఉతికి సమావేశానికి తేవాలి. దాని వెనక చిన్న గుడ్డముక్క కుట్టి, మూడు పొరలూ ఏంటో, ముందే ఉతికారా లేదా, ఉతకకముందూ ఉతికాకా కొలతలు ఎంతో పర్మనెంట్ మార్కర్‌తో రాయండి. నాలుగో బొంతకు గాట్లు పెట్టడానికి వచ్చే సమావేశానికి కత్తెరలు తెచ్చుకోండి, తెల్ల గీతల బొంత కూడా అక్కడే పరుస్తాం, కుచ్చు వేళ్లతో విడదీసి మధ్య పొర ఎలా పైకి వస్తుందో దగ్గరగా చూడొచ్చు.