ఎల్సీ పక్కాగా తీసుకునేవాడే పనిమంతుడు

సంపాదకుల వారికి,

వేళకు రావడం, మర్యాదగా మాట్లాడటం, చెప్పిన పని త్వరగా ముగించడం మంచి ఉద్యోగి లక్షణాలంటారు. కరెంటు లైన్ల పనిలో ఆ మూడోదే ప్రాణాల మీదికి తెస్తుంది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎంత త్వరగా సప్లై ఇచ్చాడన్నదాన్ని బట్టే లైన్‌మన్‌కు పేరొస్తోంది. పనికి ముందు లైన్లో కరెంటు ఆపించి తీసుకునే అనుమతిని, అంటే ఎల్సీ (లైన్ క్లియర్)ని, ఎలా తీసుకున్నావని అడిగేవాళ్లు తక్కువ.

11 కేవీ లైన్ మీద చెయ్యి వెయ్యాలంటే ముందు సబ్‌స్టేషన్ ఆపరేటర్ దగ్గర లైన్ క్లియర్ తీసుకోవాలి. ఫోన్‌లో అయితే ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయల్దేరే లైన్) పేరు, పనిచేసే చోటు చెప్పి, ఆపరేటర్ చేత తిరిగి చెప్పించుకోవాలి. ఎల్సీ నంబరు, టైము ఇద్దరూ రాసుకోవాలి. ఒక ఫీడర్ బదులు ఇంకో ఫీడర్ ఆగేది ఈ మాటల దగ్గరే.

స్తంభం మీద లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ హ్యాండిల్ కిందికి లాగేస్తే సరిపోదు. తలెత్తి మూడు బ్లేడ్లూ విడిపోయాయో లేదో కళ్లారా చూడాలి. పాతబడిన స్విచ్‌లో రెండు తెరుచుకున్నా ఒకటి అతుక్కునే ఉండొచ్చు. హ్యాండిల్‌కు తాళం వేశాక టెస్టర్‌తో లైన్ చూడాలి. ఆ టెస్టర్ అసలు పనిచేస్తోందో లేదో అంతకుముందే తేల్చుకోవాలి.

ఇక లైన్‌ను భూమికి కలిపే డిశ్చార్జ్ రాడ్లు. ముందు ఎర్త్ వైపు బిగించి, తర్వాతే కొక్కెం లైన్‌కు తగిలించాలి. తీసేటప్పుడు ముందు లైన్, తర్వాత ఎర్త్. పనిచేసే చోటికి రెండు వైపులా, మూడు ఫేజులకూ వెయ్యాలి. చాలామంది ఒక వైపు వేసి ఊరుకుంటారు, అది చాలా తప్పు. ఏ మిల్లులోనో, ఫంక్షన్ హాల్లోనో బయటి లైన్‌ను విడదీసే ఛేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ నడిపితే ఆ 415 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెక్కి, 11 వేల వోల్టులై లైన్లోకి వస్తాయి. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ఆపి ఉన్నా మనిషి పోతాడు. అప్పుడు అడ్డుకునేది రెండో వైపు వేసిన రాడ్లే.

‘అరగంటయ్యాక సప్లై ఇచ్చెయ్’ అని చెప్పి స్తంభం ఎక్కడం అన్నిటికంటే ఘోరం. ఎల్సీ తీసుకున్న మనిషే, అందరూ కిందికి దిగారని తలలు లెక్కపెట్టి, రాడ్లు తీయించి, పనైపోయిందని ఆపరేటర్‌కు చెప్పి తానే ఎల్సీ రిటర్న్ చెయ్యాలి.

పొలం ఎండుతోందని రైతు ఫోన్, ఇంకా కాలేదా అని పైఅధికారి ఫోన్. ఆ ఒత్తిడిలోనూ ‘రెండు గంటలు పడుతుందండీ’ అని నిజం చెప్పగలగాలి. గ్లవ్స్ చిరిగితే ఎక్కనని చెప్పాలి. ఫ్యూజ్ వెయ్యడానికి ఊళ్లో కుర్రాణ్ని ఎక్కించకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత సచివాలయాల ద్వారా వచ్చిన ఎనర్జీ అసిస్టెంట్లు గానీ, తెలంగాణలో కొత్త జేఎల్‌ఎంలు (జూనియర్ లైన్‌మన్లు) గానీ సీనియర్లను చూసే నేర్చుకుంటారు. సీనియర్ రాడ్లు బండికే కట్టి వదిలేస్తే వాళ్లూ వదిలేస్తారు.

ప్రతి సెక్షన్‌కూ కనీసం రెండు సెట్ల రాడ్లు, పనిచేసే టెస్టర్ ఇచ్చి, ఏఈలు (అసిస్టెంట్ ఇంజినీర్లు) వారానికోసారి ఎల్సీ పుస్తకాన్ని సబ్‌స్టేషన్ లాగ్‌తో పోల్చి చూడాలని డిస్కంల యాజమాన్యాలను కోరుతున్నాం.

— విశ్రాంత విద్యుత్ లైన్ సిబ్బంది, అనంతపురం