గుడ్డ కింద ఏముందో చూశారా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇంట్లో పూల్ టేబుల్, అంటే కర్రతో బంతుల్ని కొట్టి అంచుల్లోని పాకెట్లలో పడేసే ఆట బల్ల, పెట్టుకోవడం గురించి వ్యాసం చదివాను. గుడ్డ ఆకుపచ్చదా నీలందా, కాళ్లకు నగిషీ ఉండాలా వద్దా అని అర పేజీ రాశారు. ఆ గుడ్డ కింద ఉండే రాయి గురించి ఒక్క ముక్క లేదు. బంతి దొర్లేది దాని మీదే కదండీ!

ఒంగోలులో మా రిక్రియేషన్ క్లబ్బుకు నాలుగేళ్ల కింద ఒక టేబుల్ కొన్నాం. అమ్మినతను ‘స్లేట్ టేబుల్ సార్’ అన్నాడు, అంటే గుడ్డ కింద పలకరాయి ఉందని. నమ్మాం. రెండో వానాకాలానికల్లా మెల్లగా కొట్టిన బంతి ప్రతిదీ ఎడమ మూలకే పోవడం మొదలైంది. కాళ్ల కింద అట్టముక్కలు పెట్టి చూశాం, లాభం లేకపోయింది. చివరికి గుడ్డ ఊడదీస్తే కింద ఉన్నది ఎండీఎఫ్, అంటే చెక్కపొట్టు నొక్కి చేసిన బోర్డు. కిటికీ వైపు తేమ తగిలి ఉబ్బిపోయింది.

చెప్పుకోవాలంటే సిగ్గు. నేను పుట్టింది మార్కాపురంలో. మా నాన్న పలకల ఫ్యాక్టరీలో చెక్క ఫ్రేములు బిగించేవాడు. పలక చేతికి రాగానే వేలి కణుపుతో ఓసారి తట్టేవాడు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే లోపల ఎక్కడో పగులున్నట్టు. ఆ ఇంట్లో పెరిగిన నేను చెక్కపొట్టును రాయనుకుని కొన్నాను.

రెండోసారి టేపు, టార్చిలైటు పట్టుకుని వేరే షాపుకు వెళ్లాను. ‘రాయి ఒకటిన్నర అంగుళం మందం’ అన్నారు. బంతి పడే పాకెట్‌లో చెయ్యి పెట్టి, టార్చి వేసి లోపలి అంచు కొలిస్తే రాయి ముప్పావు అంగుళమే. మిగతా ముప్పావు దాని కింద అంటించిన చెక్క! గుడ్డ లాగి పిన్నులు కొట్టడానికి ఆ చెక్క కావాలి, నిజమే. దాన్ని కూడా రాయి లెక్కలో కలిపేస్తే ఎలా? అంతర్జాతీయ పోటీల టేబుళ్లకు రాయి ఒక్కటే కనీసం అంగుళం మందం ఉండాలి. ఎత్తుపల్లాల తేడా పొడవునా అర మిల్లీమీటరు, అడ్డంగా పావు మిల్లీమీటరు దాటకూడదు. ఇంట్లో పిల్లలు ఆడుకోవడానికి ముప్పావు సరిపోతుందేమో. రోజంతా ఎవరో ఒకరు ఆడే క్లబ్బు కాబట్టి మేం అంగుళమే కావాలన్నాం.

ఒకే రాయా, మూడు ముక్కలా అని కమిటీలో రెండు మీటింగులు నడిచాయి. ఒకే రాయైతే అతుకు ఉండదని ప్రెసిడెంటు గారి వాదన. మా క్లబ్బేమో మొదటి అంతస్తులో, మెట్లు ఇరుకు. ఎనిమిదడుగుల టేబుల్‌కు అంగుళం రాయంటే మొత్తం దాదాపు 200 కిలోలు. మూడు ముక్కలైతే ఒక్కోదాన్ని నలుగురు మోసుకురావచ్చు, దేని మట్టం దానికి విడిగా సరిచేయవచ్చు. ఫిట్టర్ వచ్చి ముక్కల కింద పల్చటి చెక్క చీలికలు దోపి, లెవెల్ చూసి, అతుకుల్లో మైనం కరిగించి పోసి, ఆరాక గీకేశాడు. వేలితో రాసి చూస్తే అతుకు ఎక్కడుందో తెలియలేదు. అంతకుముందు ఒక్కో ముక్కనూ నేను కణుపుతో తట్టాను. అతను నన్ను వింతగా చూశాడు, మూడూ ఖంగుమన్నాయి.

ఇటలీ రాయి అనగానే రేటు పెంచేస్తారు. అక్కడ లవాన్యా అనే ఊరు ఈ రాయికి పేరుపడింది. ఇటలీవాళ్లు బళ్లో నల్లబల్లను కూడా ‘లవాన్యా’ అనే అంటారు. పలకను ‘మార్కాపురం’ అని పిలిపించుకోవడం మా ఊరివాళ్లకు తట్టనే లేదు! బ్రెజిల్, చైనా రాళ్లూ వస్తాయి. మందం ఉండి, సమంగా సాన పట్టి ఉంటే వాటితో నాకు పేచీ లేదు.

కొనేవాళ్లకు నా మనవి ఒకటే. బిల్లు మీద ఉత్త ‘స్లేట్’ అని రాస్తే ఊరుకోకండి. చెక్క కాకుండా రాయి మందం ఎంతో, ముక్కలెన్నో రాయించుకోండి. రాళ్లు మీ కళ్లారా చూశాకే గుడ్డ పరచనివ్వండి.

మా పాత టేబుల్ బోర్డు పారేయలేదు. నాలుగు ఇనప కాళ్లు బిగించి క్లబ్బులో పేపర్లు పరిచే బల్ల చేశాం. మీ వ్యాసం నేను చదివింది దాని మీదే.

ఇట్లు,
రిక్రియేషన్ క్లబ్బు కార్యదర్శి,
ఒంగోలు