మా చెరువు గట్టు మీద నుంచి చూస్తే అమెరికా

సంపాదకుల గారికి నమస్కారం.

అమెరికా అధ్యక్షుడి మీద ఈ మధ్య పేపర్లలో వస్తున్నవి వదలకుండా చదువుతున్నాను. దాదాపు అందరూ ట్రంప్ మాట తీరు గురించే రాస్తున్నారు, అది సరిపోదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను భీమవరం దగ్గర వనామీ రొయ్యలు పెంచే రైతుని, అమెరికా ఎప్పుడూ చూడలేదు. కానీ మన రొయ్యని ఎక్కువగా కొనేది ఆ దేశమే కాబట్టి, అక్కడ కుర్చీలో ఎవరున్నారు, ఏ అధికారంతో ఏం చేస్తున్నారు అన్నది మాకు చదివి పక్కన పడేసే వార్త కాదు.

2025 ఏప్రిల్ 2న ట్రంప్ బయటి దేశాల సరుకు మీద సుంకాలు ప్రకటించగానే మా దగ్గర కొనేవాళ్ళు రేటు తగ్గించేశారు. పట్టుబడికి వచ్చిన చెరువు, రోజూ మేత, కరెంటు బిల్లు, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తెల్లవార్లూ తిరగాలి, వైరస్ ఎప్పుడు తగులుతుందోనని టెన్షన్, ఇవన్నీ పెట్టుకుని ఎన్నాళ్ళు ఆగగలం? వచ్చిన రేటుకే అమ్మేశాం. ఆగస్టు 27 నాటికి ఆ సుంకం 50 శాతానికి చేరింది, మరీ చవగ్గా అమ్ముతున్నామంటూ వేసే పాత యాంటీ డంపింగ్ డ్యూటీ అదనం.

అప్పుడు కూర్చుని చదివితే తెలిసింది. వాళ్ళ రాజ్యాంగం సుంకాలు వేసే అధికారం ఇచ్చింది అధ్యక్షుడికి కాదు, కాంగ్రెస్‌కి, అంటే వాళ్ళ పార్లమెంటుకి. ఆయన 1977 నాటి ఒక చట్టాన్ని పట్టుకుని, దేశానికి అత్యవసర పరిస్థితి వచ్చిందని ప్రకటించి, ఒక్క సంతకంతో వేసేశారు. ఆ చట్టం కింద ఈ అధికారం లేదని మే 28న అక్కడి వాణిజ్య కోర్టు తీర్పు చెప్పినా, అప్పీలు నడుస్తోందని అప్పట్లో వసూలు ఆగలేదు. అసలు హక్కుదారు అయిన కాంగ్రెస్‌లో రెండు సభలూ ఆయన పార్టీ చేతిలోనే ఉండటంతో, తన అధికారాన్ని తాను వెనక్కి తీసుకోలేకపోయింది. నన్ను బాధపెట్టింది ఇదే. ఒక మనిషి దూకుడుగా ఉండొచ్చు, ఆపవలసినవాళ్ళు ఎందుకు ఆపలేదు?

ఇది ఒక్క ట్రంప్‌తో మొదలైంది కూడా కాదు. అక్కడ గెలుపు తేల్చేది దేశం మొత్తం ఓట్లు కాదు, రాష్ట్రాల వారీగా వచ్చే ఎలక్టర్ల లెక్క. 2000లో అధ్యక్ష పదవికి పోటీ చేసిన అల్ గోర్‌కి దేశం మొత్తం మీద 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి, అయినా ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో, అదీ రీకౌంటింగ్‌ని సుప్రీంకోర్టు ఆపేశాక, జార్జి బుష్ అధ్యక్షుడయ్యారు. మూడేళ్ళు తిరక్కుండానే ఇరాక్ మీద యుద్ధం. అక్కడున్నాయన్న ఆయుధాలు దొరకనే లేదు. ఆ యుద్ధాన్ని ప్రపంచం బుష్ ఒక్కడి ఖాతాలో రాయలేదు, అమెరికా ఖాతాలో రాసింది. 2016లో ట్రంప్ మీద పోటీ చేసిన హిల్లరీ క్లింటన్‌కి 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా ఓడిపోయారు. వాళ్ళ పై సభ అయిన సెనేట్‌లో దాదాపు 4 కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియాకి ఇద్దరు సభ్యులు, 6 లక్షల మంది కూడా లేని వయోమింగ్ రాష్ట్రానికీ ఇద్దరే. ఆ వయోమింగ్ మొత్తం కలిపినా మా పశ్చిమ గోదావరి జిల్లాలో సుమారు మూడో వంతు జనం. మనమేమో ఓటు విలువ అందరికీ ఒకటే అని పిల్లలకి చెప్పుకుంటున్నాం.

2024లో మాత్రం ట్రంప్ దేశం మొత్తం ఓట్ల లెక్కలో కూడా ఎక్కువ ఓట్లతోనే గెలిచారు, ఆ మాట దాచకూడదు. అయితే 2021 జనవరి 6న వాళ్ళ పార్లమెంటు భవనం మీద ఆయన మద్దతుదారులు దాడి చేశాక, అభిశంసన విచారణలో సెనేట్‌లో 57 మంది ఆయన దోషి అన్నారు, 43 మంది కాదన్నారు. మూడింట రెండు వంతులు కావాలి కాబట్టి బయటపడ్డారు. 2024 జులైలో సుప్రీంకోర్టు అధికారిక చర్యలకు అధ్యక్షుడి మీద క్రిమినల్ కేసు పెట్టకుండా రక్షణ ఇచ్చింది. 2025లో మళ్ళీ కుర్చీ ఎక్కిన రోజే ఆ దాడి కేసుల్లో ఉన్న దాదాపు 1500 మందికి క్షమాభిక్ష. దారి ఎవరు వేశారో ఇందులోనే కనపడుతోంది.

2025 ఫిబ్రవరి 5న 104 మంది మనవాళ్ళని సంకెళ్ళతో, మిలిటరీ విమానంలో అమృత్‌సర్‌లో దించిన రోజు మా ఊళ్ళో టీ కొట్టు దగ్గర ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. వాళ్ళు దొంగదారిన వెళ్ళి ఉండొచ్చు, తప్పే, కానీ కాళ్ళకి గొలుసులా? మా వీధిలోనే నాలుగు ఇళ్ళ పిల్లలు అక్కడ ఉన్నారు. పక్కింటి అక్కయ్య ఆ రోజంతా కూతురికి ఫోన్ చేస్తూనే ఉంది, ఆ పిల్లకి వీసా సక్రమంగానే ఉన్నా సరే. ఒకప్పుడు అమెరికా సంబంధం అంటే ఊరంతా చెప్పుకున్న మనిషి ఆవిడ.

ఆ దేశంలో మంచివాళ్ళు లేరనడం లేదు. 2025 అక్టోబరులో రాజులు మాకొద్దంటూ లక్షల మంది రోడ్ల మీదికి వచ్చారు, వాళ్ళంటే నాకు గౌరవం. మీకు నా మనవి ఒకటే. అధ్యక్షుడు ఏమన్నారో మొదటి పేజీలో వేసినట్టే, ఆ కాంగ్రెస్‌లో సుంకాల మీద ఏ బిల్లు వచ్చింది, ఎవరు అడ్డుకున్నారు, కోర్టులో ఏమైంది అన్నది కూడా తెలుగులో మాకు అర్థమయ్యేలా వేయండి. నాకు మూడు చెరువులున్నాయి, ఆ సమాచారం లేక, ధైర్యం చాలక, కిందటి పంటకి రెండింటిలోనే సీడ్ వేశాను.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు,
భీమవరం దగ్గర, పశ్చిమ గోదావరి జిల్లా