పెయిజ్ సవతి చెల్లెలు కాదండీ

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ టీవీ పేజీలో చార్మ్‌డ్ నాలుగో సీజన్ మీద వ్యాసం వేశారు. ఎప్పుడో 2006లో ముగిసిపోయిన అమెరికన్ సీరియల్‌ని గుర్తుపెట్టుకుని అరపేజీ ఇచ్చారని సంబరపడి చదవడం మొదలుపెట్టాను, మూడో పేరా దగ్గరకొచ్చేసరికి ఒళ్ళు మండింది. "హీరోయిన్ మానేస్తే సవతి చెల్లెల్ని పుట్టించి బండి లాగించేశారు" అని ఒక్క వాక్యంలో సీజన్ మొత్తాన్ని తేల్చేశారు. అందులో సగం నిజమే. మిగతా సగం గురించే ఈ ఉత్తరం.

ముందు ఆ "సవతి" సంగతి చూద్దాం. సవతి అంటే ఒకే మగవాడి ఇంకో భార్య. నాన్న ఇంకో భార్యకి పుట్టిన పిల్ల సవతి చెల్లెలు అవుతుంది. నాలుగో సీజన్లో కొత్తగా వచ్చిన ఆ చెల్లెలు పెయిజ్ అలా పుట్టలేదు. ఈ సీరియల్లో మంత్రగత్తెలైన హాలివెల్ అక్కచెల్లెళ్ళ తల్లి ప్యాటీకి, ఆమెను కాపాడుతూ వచ్చిన శామ్ అనే వైట్‌లైటర్‌కి పుట్టిన పిల్ల. వైట్‌లైటర్లంటే మంత్రగత్తెలకి అండగా ఉండే దేవదూతల్లాంటి వాళ్ళు, ఈ రెండు జాతుల మధ్య ప్రేమ ఆ లోకంలో నిషేధం. అందుకే పుట్టగానే పిల్లని చర్చిలో ఒక నన్ చేతికి అప్పగించేస్తారు, అక్కలకి ఇలాంటి చెల్లెలు ఒకతి ఉందన్న మాటే చెప్పరు. తల్లి ఒకతే, తండ్రులు వేరు. దీనికి మన వాడుకలో సరైన మాట లేకపోవడం చిత్రమే గానీ, సహోదరి అన్న మాటకి అర్థం చూడండి, ఒకే కడుపున పుట్టింది అని. తోబుట్టువు కూడా అంతే. ఆ లెక్కన పెయిజ్ అచ్చంగా తోబుట్టువే, ఏ సవతీ లేదు.

చిన్న మాటకి ఇంత రాద్ధాంతమా అనుకుంటారేమో. నాలుగో సీజన్ మొదటి సగమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుందండీ. ఒకే కడుపున పుట్టినంత మాత్రాన చెల్లెలు అయిపోతుందా, లేక ఇంకేమన్నా కావాలా?

చూడనివాళ్ళ కోసం కాస్త వెనక్కి వెళ్తాను. 1998 అక్టోబర్‌లో ది డబ్ల్యూబీ అనే ఛానెల్లో మొదలైంది ఈ సీరియల్. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పాత ఇంట్లో ముగ్గురు అక్కచెల్లెళ్ళు, ప్రూ, పైపర్, ఫీబీ. అటకమీద ఒక పెద్ద మంత్రాల పుస్తకం. ముగ్గురూ కలిస్తేనే పూర్తి శక్తి, అదే పవర్ ఆఫ్ త్రీ. ముగ్గురిలో ఒకరు పోతే లెక్క తప్పుతుంది. 2001 మే 17న మూడో సీజన్ చివరి ఎపిసోడ్‌లో సరిగ్గా అదే జరిగింది. షాక్స్ అనే రాక్షసుడు పెద్దక్కనీ నడిపి అక్కనీ గోడకేసి కొడతాడు, ఇంటి తలుపు దానంతటదే ధడేలున మూసుకుంటుంది, అంతే, సీజన్ అయిపోయింది. ప్రూ వేషం వేసిన షానన్ డోహర్టీయే ఆ ఎపిసోడ్‌కి దర్శకురాలు కూడా. తన పాత్ర ఆఖరి ఎపిసోడ్ తనే తీసి వెళ్ళిపోయింది! మీ వ్యాసంలో సెట్‌లో ఎవరికి ఎవరితో పడలేదన్న కబుర్లకి రెండు పేరాలు ఇచ్చారు, ఈ విషయానికి ఒక్క లైను కూడా ఇవ్వలేదు.

నాలుగున్నర నెలల తర్వాత, అక్టోబర్ 4న, నాలుగో సీజన్ మొదలయ్యేసరికి ప్రూ లేదు. లియో తన భార్య పైపర్‌ని బతికించుకోగలిగాడు, ప్రూని బతికించలేకపోయాడు. పైపర్ నిద్ర మానేసి అటకమీద పుస్తకం ముందేసుకుని, కనబడ్డ మంత్రమల్లా చదువుతూ ఉంటుంది, అక్కని వెనక్కి తెచ్చుకోవాలని. ఏదీ పని చెయ్యదు. చివరికి రక్తసంబంధాన్ని పిలిచే మంత్రం ఒకటి చదువుతుంది, దానికి పలికి వచ్చింది ప్రూ కాదు, వీళ్ళకి అసలు తెలియని పెయిజ్. చూడండి, అక్క కోసం పిలిస్తే చెల్లెలు వచ్చింది. రచయితలకి ఇది అతుకు వేసే పనే అయి ఉండొచ్చు, ఒప్పుకుంటాను, కానీ ఆ అతుకు దాచకుండా అందరికీ కనబడేలా వేశారు. పెయిజ్ ఆ ఇంట్లో అడుగుపెట్టి ముగ్గురూ ఒకచోట నిలబడగానే పైనున్న షాండ్లియర్‌లోంచి నీలం వెలుగు వాళ్ళ మీదకి దిగుతుంది. ఇల్లు ఒప్పేసుకుంది. పైపర్ ఒప్పుకోలేదు.

ఇక్కడ మనకి తెలిసినట్టు ఇంగ్లీషు వాళ్ళకి తెలియదేమో అనిపిస్తుంది నాకు. వాళ్ళకి అందరూ సిస్టర్లే. మనకి అక్క వేరు, చెల్లి వేరు, మధ్యలో పుట్టినదాన్ని నడిపిది అంటాం. పైపర్ పాతికేళ్ళ పైన నడిపిది. పైన అక్క ఉంది కాబట్టి కొంత తప్పించుకోవచ్చు, కింద చెల్లి ఉంది కాబట్టి కొంత పెత్తనం చెయ్యొచ్చు. ఒక్క రాత్రిలో ఆమె ఇంటికి పెద్దది అయిపోయింది, ఎవరూ అడగలేదు, ఆమె ఒప్పుకోనూ లేదు. నేనూ ముగ్గురిలో నడిపిదాన్నే. మా అక్క పెళ్ళై వెళ్ళిన వారం నుంచే ఇంట్లో ప్రతిదానికీ నావైపు చూడటం మొదలుపెట్టారు. తను క్షేమంగానే ఉంది, రోజూ ఫోన్ చేసేది, అయినా నాకు చాలా రోజులు కోపం ఉండేది, ఎందుకో నాకే తెలిసేది కాదు. అందుకని ఆ సీజన్ మూడో ఎపిసోడ్ చూసినప్పుడు కాస్త ఉలిక్కిపడ్డాను.

ఆ ఎపిసోడ్‌లో ఫ్యూరీలని ఉంటారు, పాపులని వేటాడే ఆడ పిశాచాలు. లోపల అణచిపెట్టుకున్న కోపం ఉన్న ఆడదాన్ని తమలా మార్చేసుకుంటారు. పైపర్ మారిపోతుంది, గోళ్ళు, పళ్ళు, అరుపులు, అంతా. అప్పటిదాకా ఆమె ఏడవదు, కనబడ్డ రాక్షసుడినల్లా పేల్చేస్తూ తిరుగుతుంది, అది దుఃఖం అని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకుంటారు. ఆమెని తిరిగి మనిషిని చెయ్యడానికి మంత్రం పనికిరాదు. ప్రూ సమాధి దగ్గరికి తీసుకెళ్ళి నిలబెడతారు. ఆమె కోపం రాక్షసుల మీద కాదు, చచ్చిపోయిన అక్క మీద. నన్నెలా వదిలేసి పోయావని సమాధి ముందు అరుస్తుంది, అరుపు కాస్తా ఏడుపవుతుంది, ఏడుస్తూ ఏడుస్తూనే మొహం మామూలు మొహం అవుతుంది. పైపర్‌గా వేసిన హాలీ మేరీ కూంబ్స్ నటన గురించి మీ వ్యాసంలో ఒక్క మాట లేదు, ఆ రెండు నిమిషాలు ఒక్కసారి చూసి ఆ తర్వాత రాయండి.

పెయిజ్ శక్తి గురించి కూడా "ప్రూ శక్తినే కొత్త పిల్లకిచ్చేశారు" అన్నారు. పూర్తిగా అలా కాదు. ప్రూ చెయ్యి విసిరితే వస్తువు ఎగిరిపోయేది, నోరు మెదిపే పనే లేదు. పెయిజ్‌కి తండ్రి వైపు అంశ కూడా ఉంది కాబట్టి వస్తువు వెలుగు చుక్కలుగా మారి మాయమై ఆమె చేతిలోకి వస్తుంది, అయితే దాన్ని పేరు పెట్టి పిలవాలి. దీపం కావాలంటే దీపం అని అరవాలి. పెద్దది పుట్టినప్పటినుంచీ ఆ ఇంటిది, అడగకుండా తీసుకుంటుంది. కొత్తగా వచ్చినది ప్రతిదాన్నీ పేరు పెట్టి అడిగి తీసుకోవాలి. రచయితలు ఇంత ఆలోచించి పెట్టారో లేదో గానీ, నాకు చూసినప్పుడల్లా అలాగే తోస్తుంది. పైగా ఆమె వెంటనే ఆ ఇంటికి కాపురానికి రాదు, తన ఉద్యోగం, తన ఇల్లు తనవే. పుస్తకాన్ని చెప్పకుండా పట్టుకుపోయి పైపర్ చేత చీవాట్లు తింటుంది. పెయిజ్‌గా వేసిన రోజ్ మెక్‌గవన్ ఆ బెరుకునీ పొగరునీ రెంటినీ బాగా పట్టుకుంది.

లోపాలు లేవా అంటే బోలెడు. రాక్షసులు వారానికొకడు వచ్చి పొగై పోతుంటారు, కొందరి మేకప్ చూస్తే భయం కాదు నవ్వొస్తుంది. చనిపోయిన తల్లి వస్తుంది, అమ్మమ్మ వస్తుంది, ప్రూ మాత్రం ఒక్కసారి కూడా రాదు. కథలో దానికేదో కారణం చెబుతారు గానీ అసలు కారణం చూసేవాళ్ళందరికీ తెలుసు. ఇక రెండో సగం మొత్తాన్ని కోల్ మింగేశాడు. ఫీబీ ప్రేమించిన ఆ సగం రాక్షసుడిలోకి పాతాళానికి రాజైన సోర్స్ శక్తి దూరడం, పెళ్ళి, ఆమె అక్కడికి రాణి కావడం, కోల్‌గా జూలియన్ మెక్‌మాన్ ఉన్నాడు కాబట్టి కళ్ళు తిప్పుకోలేం, నిజమే, కానీ సమాధి ముందు మొదలైన కథ ఎక్కడికి పోయిందా అని వెతుక్కోవాల్సి వస్తుంది. (డోహర్టీ 2024 జులైలో, మెక్‌మాన్ 2025 జులైలో పోయారు. ఇప్పుడు ఆ సీజన్లు పెట్టుకుంటే చూపు వేరేగా ఉంటుంది, ఎంత కాదనుకున్నా.)

ఆ రెండో సగంలోనూ ఒక్క చోట పాత దారి దొరుకుతుంది. కోల్ మారిపోయాడని అందరికంటే ముందు పసిగట్టేది పెయిజ్. చెప్తుంది, ఎవరూ నమ్మరు, పిల్లకి మతి చలించిందేమో అన్నట్టు చూస్తారు. అదే మాట ప్రూ చెప్పి ఉంటే? మూడో సీజన్లో కోల్‌ని నమ్మనిది ప్రూయే కదా, అప్పుడు ఆమె మాటకి ఇంట్లో విలువ ఉండేది. శక్తి ముగ్గురిదీ సమానమే, మాటకి బరువు మాత్రం సమానం కాదు. చివరికి ఆ పిల్ల అన్నదే నిజమైంది. ఫీబీ భర్తని వదిలి అక్కచెల్లెళ్ళ వైపు నిలబడి, ముగ్గురూ చేతులు కలిపి అతన్ని అంతం చెయ్యాల్సి వచ్చింది. నా లెక్కలో పెయిజ్ ఆ ఇంటి పిల్ల అయింది ఆ రోజే, షాండ్లియర్ వెలిగిన రోజు కాదు.

మీ వ్యాసకర్త 2018లో వచ్చిన కొత్త చార్మ్‌డ్‌ని మెచ్చుకుంటూ ఇలాంటి అతుకులు అందులో లేవన్నట్టు రాశారు. అందులోనూ మూడో సీజన్ చివర పెద్దది మేసీ పోతుంది, నాలుగో సీజన్లో కొత్త పిల్ల కేలా వస్తుంది. చూశాకే రాశారా?

చివరగా ఫొటో సంగతి. "శాన్‌ఫ్రాన్సిస్కోలోని హాలివెల్ ఇల్లు" అని కింద వేశారు. కథ శాన్‌ఫ్రాన్సిస్కోదే గానీ, బయటినుంచి చూపించే ఆ ఎర్ర విక్టోరియన్ ఇల్లు ఉన్నది లాస్ ఏంజెలెస్‌లో, కారల్ అవెన్యూలో. దీనికి ఎలాగూ సవరణ వెయ్యాలి కదా, పనిలో పనిగా ఆ సవతి అన్న మాట కూడా తీసేసి సహోదరి అని వెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకురాలు