టర్టిల్‌బ్యాక్ పేజీని ముందు తీసేయండి

గైడ్‌ల విభాగం మేనేజరు గారికి,

విషయం: మీరు 19 డాలర్లకు ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ట్రాన్సిల్వేనియా కౌంటీ జలపాతాల తెలుగు గైడ్‌లో ప్రాణాపాయం తెచ్చే తప్పులు, వాటి సవరణ, కొన్నవారికి డబ్బు వాపసు గురించి.

నమస్కారం.

నార్త్ కరోలైనా పడమటి కొండల్లో ఉన్న ఈ కౌంటీలో 250కి పైగా జలపాతాలున్నాయి. షార్లెట్ నుంచీ అట్లాంటా నుంచీ శని, ఆదివారాల్లో కారులో వచ్చిపోయే తెలుగువాళ్లు చాలామంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంట తీసుకొస్తారు. పెద్దవాళ్లు స్వయంగా చదువుకోగల తెలుగు గైడ్ ఒకటి ఉండాల్సిందే. మీరు దాన్ని తెచ్చారని సంతోషించాం కూడా. కానీ తెలుగులో ఉంది కాబట్టే దీన్ని నమ్ముతారు. ఇంగ్లీషు గైడ్ చదివేవాళ్లు దారి మొదట్లో ఉన్న బోర్డుతో సరిచూసుకుంటారు. తెలుగు గైడ్ చేతిలో ఉన్న పెద్దాయన ఆ పని చేయరు, మీరు రాసినట్టే నడుస్తారు.

అన్నిటికంటే ముందు 31వ పేజీ. హార్స్‌పాశ్చర్ నది మీది టర్టిల్‌బ్యాక్ ఫాల్స్‌ను "పిల్లలకు సరదా జారుడుబల్ల" అని రాశారు. నది వరస చూడండి. ఎగువన డ్రిఫ్ట్ ఫాల్స్ (అది ప్రైవేటు భూమి), దాని కింద సుమారు 20 అడుగుల టర్టిల్‌బ్యాక్, అక్కడికి కొద్ది దూరంలోనే సుమారు 150 అడుగుల రెయిన్‌బో ఫాల్స్. టర్టిల్‌బ్యాక్ మీద జారి మడుగులో పడ్డవాడు ఒడ్డు పట్టుకోలేకపోతే ప్రవాహం తీసుకెళ్లేది రెయిన్‌బో అంచుకే. ఇక్కడ ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. గార్జెస్ స్టేట్ పార్కు వైపు నుంచి నడిచి వచ్చేవాళ్లకు ముందు రెయిన్‌బో కనిపిస్తుంది, తర్వాత పైకి వెళ్తే టర్టిల్‌బ్యాక్. నడక వరస, నీటి వరస తలకిందులు కావడంతో పెద్ద జలపాతం వెనకే ఉండిపోయిందనుకుంటారు. నిజానికి అది వాళ్ల కాళ్ల కిందుగా, దిగువన కాచుకుని ఉంటుంది. ఆ పేజీలో అన్నిటికంటే ముందు రాయాల్సిన మాట ఇదే, లేనిదీ ఇదే.

ఆ పార్కు ప్రాంతంలో ఏడాదికి 80 అంగుళాలకు మించి వాన పడుతుంది. అంటే హైదరాబాద్‌లో పడేదానికి రెండింతలకు పైనే. మీ పాఠకులు నిలబడ్డ చోట ఎండ కాస్తున్నా ఎగువన కురిసిన వాన నదిలో దిగివస్తుంది. నీళ్లు మట్టిరంగుకు తిరగడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం, హోరు పెరగడం: ఈ మూడింట్లో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఒడ్డెక్కాలి.

రెండో పెద్ద తప్పు జలపాతాల పై అంచుల గురించి. "పైకి ఎక్కితే ఫోటో బాగా వస్తుంది" అని నాలుగు చోట్ల రాశారు. ఇక్కడి రాయి చాలాచోట్ల గుమ్మటంలా వంగి దిగుతుంది. బల్ల అంచులా తెగిపోదు. ముందు కాలికి తెలియనంత వాలు, రెండడుగులు వేసేసరికి నిలవలేనంత వాలు. రాయి మీద నాచు కంటికి ఆనని పల్చటి పొరగా ఉంటుంది. మసక నలుపుగా కనిపించే చోటల్లా తడి ఉన్నట్టే లెక్క. అక్టోబరులో రాలిన ఆకులు కప్పేస్తే ఆ నలుపు కూడా కనిపించదు. జారినవాడికి పట్టుకోవడానికి గడ్డిపోచ ఉండదు. ఇదంతా తెలియకపోయినా, 12వ పేజీలో "చెప్పులు చాలు" అని రాయకుండా ఉండాల్సింది. వెనక పట్టీ లేని చెప్పులతో తడి రాయి మీద నడవకూడదు. గట్టి పట్టున్న బూట్లు వేసుకున్నా సరే, జలపాతానికి ఎగువన నీళ్లలో కాలు పెట్టకూడదు.

ఇక పేర్లు. స్లైడింగ్ రాక్, స్లిక్ రాక్ ఫాల్స్ అనే రెంటినీ మీరు ఒకటి చేశారు. స్లైడింగ్ రాక్ 276 రోడ్డు పక్కనే, బ్రెవార్డ్ ఊరి దగ్గరి 64, 276, 280 రోడ్ల కూడలి నుంచి సుమారు ఏడున్నర మైళ్లలో ఉంది. 60 అడుగుల నున్నటి రాతివాలు మీద నిమిషానికి సుమారు 11,000 గ్యాలన్ల నీళ్లు పారతాయి. కింద మడుగు లోతు. నీళ్లు వేసవిలోనూ 50, 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటవు. అక్కడ రెయిలింగ్ ఉంది, సీజన్లో పగటిపూట లైఫ్‌గార్డులు ఉంటారు, మనిషికింతని టికెట్ ఉంది. స్లిక్ రాక్ ఫాల్స్‌కు దారి వేరు. లుకింగ్ గ్లాస్ ఫాల్స్‌కు కాస్త ముందే ఎడమకు తిరిగి, అటవీశాఖ 475 రోడ్డులో ఫిష్ హేచరీ (చేపపిల్లల పెంపక కేంద్రం) దాకా వెళ్లి, 475బి మట్టిరోడ్డెక్కి పైకి పోవాలి. అది జారుడు ఆట ఆడే చోటు కాదు. లైఫ్‌గార్డు లేడు, కింద మడుగు లేదు, ఉన్నది రాయి. మీ గైడ్‌లో ఫోటో స్లైడింగ్ రాక్‌ది, మ్యాప్ పిన్ స్లిక్ రాక్‌ది. ఆ పిన్ పట్టుకుని వెళ్లినవాళ్లు ఆ ఫోటోలో ఉన్నట్టే జారాలనుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. (స్లైడింగ్ రాక్‌లో పిల్లలకు మందపాటి నిక్కరు వేయాలి, పల్చటి ఈత బట్టలు రాతికి చిరిగిపోతాయి. ఇలాంటి పనికొచ్చే మాట ఆ పేజీలో ఒక్కటి లేదు.)

రెయిన్‌బో ఫాల్స్‌కు మీరిచ్చిన "ఒకవైపు 2.7 మైళ్లు, 80 అడుగుల ఎత్తు" టెనెసీ వైపు గాట్లిన్‌బర్గ్ దగ్గరున్న ఇంకో రెయిన్‌బో ఫాల్స్‌వి. ఇక్కడిది గార్జెస్ పార్కులోని గ్రాసీ రిడ్జ్ పార్కింగ్ నుంచి ఒకవైపు సుమారు ఒకటిన్నర మైళ్లు. సౌత్ కరోలైనాలోని జోన్స్ గ్యాప్ పార్కులో మూడో రెయిన్‌బో ఫాల్స్ ఉంది. మీ గైడ్‌లోని ఫోటోల్లో కొన్ని దానివి. బ్రైడల్ వెయిల్ ఫాల్స్‌కు "కారు దిగితే చాలు" అన్నారు. అది హైలాండ్స్ ఊరి దగ్గర 64 రోడ్డు పక్కనున్న దాని సంగతి. డూపాంట్ అడవిలోని బ్రైడల్ వెయిల్‌కు హై ఫాల్స్ పార్కింగ్ నుంచి ఒకవైపే రెండు మైళ్లకు పైగా నడవాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మను తీసుకెళ్లేవాళ్లకు ఈ తేడా చిన్నది కాదు. మరోవైపు, ఒకే జలపాతాన్ని మూడుగా అమ్మారు. డేనియల్ రిడ్జ్ ఫాల్స్, టామ్స్ స్ప్రింగ్ ఫాల్స్, జాక్సన్ ఫాల్స్ మూడూ ఒక్కటే. మూడు పేజీలు, మూడు ఎత్తులు, మూడు రేటింగులు ఎలా ఇచ్చారు?

అనువాదం యంత్రం చేసిందని మొదటి పేజీలోనే తెలుస్తోంది. భాష అందం గురించి కాదు మా ఫిర్యాదు. దారి తప్పించే అనువాదం ఇది. "చెట్టు మీద పసుపు మంట కనిపిస్తే ఎడమకు తిరగండి" అని రాశారు. ఇంగ్లీషులో బ్లేజ్ అంటే ఇక్కడ మంట కాదు, చెట్టు బెరడు మీద నిలువు చారలా వేసే రంగు గుర్తు. ఒక చార ఉంటే దారి సరైనదే, ముందుకు సాగవచ్చు. ఒకదానిపైన ఒకటి రెండు చారలుంటే మలుపో, దారుల కూడలో ఉందని ఆగి చూసుకోవాలి. 30 మైళ్ల ఆర్ట్ లోబ్ ట్రయల్‌కు గుర్తు తెలుపు. కానీ అదే దారి షైనింగ్ రాక్ వైల్డర్‌నెస్ అనే రక్షిత అడవిలోకి అడుగుపెట్టాక ఏ చెట్టు మీదా గుర్తులుండవు, అక్కడ మ్యాపూ దిక్సూచీ ఉండాల్సిందే. మీ గైడ్ మాత్రం అక్కడ కూడా "మంటలను అనుసరించండి" అంటోంది.

క్యాట్ గ్యాప్‌ను "పిల్లి ఖాళీ" అన్నారు. మనకు కనుమ అనే మాట లేదా? మూర్ కోవ్ జలపాతం పేరులోని కోవ్‌ను "సముద్రపు ఖాతం" చేశారు. ఈ కొండల్లో కోవ్ అంటే మూడు పక్కలా కొండలు మూసిన చిన్న లోయ. దానికి సరిగ్గా సరిపోయే మాట కోన. తలకోన జలపాతం చూసినవాళ్లకు ఆ ఒక్క మాటతో చోటు స్వరూపం కళ్లకు కడుతుంది. బ్రాంచ్‌ను "కొమ్మ" అన్నారు, ఇక్కడ అది చిన్న వాగు. "కొమ్మ దాటి కుడికి" అని చదివినవాళ్లు ఏ చెట్టు కోసం వెతకాలి? బ్లాక్ బాల్సమ్ కొండ వర్ణనలో "బట్టతల" అని ఉన్నది ఇంగ్లీషులో బాల్డ్, అంటే చెట్లు లేని గడ్డి శిఖరం. పిడుగులు పడే మధ్యాహ్నాల్లో అలాంటి శిఖరం మీద ఉండకూడదని చెప్పాల్సిన చోట ఆ తప్పు జరిగింది.

దూరాల సంగతి క్లుప్తంగా. కొన్ని పేజీల్లో మైళ్ల అంకె పక్కన కిలోమీటర్లు అని ఉంది. ఒకటిన్నర మైలు అంటే దాదాపు రెండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు. ఇంకొన్ని చోట్ల ఒకవైపు దూరాన్ని రానూపోనూ దూరంగా వేశారు. మూర్ కోవ్ 0.7 మైలు ఒకవైపే. లుకింగ్ గ్లాస్ రాక్ శిఖరానికి "మూడు మైళ్ల సులువైన నడక" అన్నారు. ఒకవైపే మూడు మైళ్లకు పైన, సుమారు 1,700 అడుగుల ఎక్కుడు. పైన చివర కంచె లేని రాతివాలు. రోడ్డు పక్కనే మెట్లున్న 60 అడుగుల లుకింగ్ గ్లాస్ ఫాల్స్‌తో దాన్ని కలిపి ఒకే పేజీలో, ఒకే "సులువు" ముద్రతో ఇవ్వడం ఏమిటి? 411 అడుగులని మీరు ఆ జలపాతానికి వేసిన ఎత్తు పక్క జాక్సన్ కౌంటీలోని వైట్‌వాటర్ ఫాల్స్‌ది. అక్కడ పై వ్యూపాయింట్ దాకా చదునైన దారి, కింది దానికి 154 మెట్లు. పెద్దవాళ్లకు ఏది వీలో దీన్నిబట్టి తేలుతుంది. డూపాంట్‌కు టికెట్ కొనమన్నారు, అక్కడ ప్రవేశం ఉచితం.

గైడ్ అట్ట మీద 2025 ముద్రణ అని ఉంది. లోపల స్కిన్నీ డిప్ ఫాల్స్ ఫోటోలో లోతైన మడుగు, పిల్లల ఈతలు. 2021 ఆగస్టులో ఫ్రెడ్ తుపాను వరద ఆ మడుగును బండలతో నింపేసింది. 2024 సెప్టెంబరు చివర్లో హెలీన్ తుపాను ఈ కొండలన్నిటినీ అతలాకుతలం చేసింది. దారులు తెగాయి, చెట్లు కూలాయి, కొండల మీదుగా సాగే బ్లూ రిడ్జ్ పార్క్‌వే రోడ్డు చాలా భాగం మూతపడింది. శీతాకాలంలో మంచు కురిస్తే కూడా పార్క్‌వే గేట్లు వేస్తారు. మీ దారి సూచనలు మాత్రం ఆషెవిల్ నుంచి పార్క్‌వే మీదే నడిపిస్తున్నాయి. హెలీన్ అనే మాట గైడ్ మొత్తంలో ఒక్కసారీ రాలేదు. బయలుదేరే రోజు పొద్దున అటవీశాఖ, స్టేట్ పార్కు, పార్క్‌వే మూతల పట్టికలు చూడమని ఒక్క వాక్యం చాలు.

మూర్ కోవ్ ఫోటోకు కూడా తారీకు లేదు. 50 అడుగుల ఆ జలపాతం వెనక నడవడం నిజంగా బాగుంటుంది. కానీ దానికి నీళ్లిచ్చే పరివాహకం చాలా చిన్నది. వాన పడిన మర్నాడు తెర, పది రోజులు వాన లేకపోతే దారాలు. లుకింగ్ గ్లాస్ అలా కాదు, ఏడాది పొడవునా పారుతుంది. "అన్ని జలపాతాలకూ అక్టోబరు ఉత్తమం" అని రాసినవారు ఆకుల రంగును మాత్రమే చూశారు. సాధారణంగా అప్పుడు వాన తక్కువ, నీళ్లు తక్కువ, పార్కింగ్ అసలు దొరకదు.

చివరిగా, మీరు అమ్మింది నెట్ ఉంటేనే తెరుచుకునే లింకు. 276 మీద రేంజర్ స్టేషన్ దాటితే పిస్గా జాతీయ అటవీప్రాంతంలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. అంటే గైడ్ అవసరమయ్యే చోటే అది తెరుచుకోదు. ఇంట్లోనే దించుకుని ఫోన్లో ఉంచుకునే మ్యాప్, అచ్చు వేసుకోగల పేజీలు ఇవ్వండి. రేంజర్ స్టేషన్ పక్కనున్న విజిటర్ సెంటర్లో కాగితం మ్యాపులు దొరుకుతాయని రాయండి. ఏ పార్కింగ్ నుంచి ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లమనండి. అత్యవసర నంబరు 911కి ఫోను కలిసినప్పుడు జలపాతం పేరు ఒక్కటే చెబితే సరిపోదు. రెయిన్‌బో అంటే ఏ రెయిన్‌బో అని పైన చూశాం కదా. పార్కింగ్ పేరు, రోడ్డు నంబరు చెప్పాలి.

మేం కోరుతున్నది ఇది. ఈ ఉత్తరం అందిన రోజే 31వ పేజీనీ, స్లిక్ రాక్ పిన్‌నూ తొలగించండి. ఇప్పటికే కొన్న ప్రతి ఒక్కరికీ ఆ రెండింటి గురించి తెలుగులో మెసేజ్ పంపండి, మెయిల్‌లో అడుగున కనిపించకుండా కాదు, మొదటి వాక్యంలోనే. సవరణ పూర్తయ్యేదాకా అమ్మకం ఆపండి. ఆ దారుల్లో నడిచిన తెలుగువాళ్ల చేత అనువాదం మళ్లీ చేయించండి, ప్రతి పేజీ కింద ఎప్పుడు సరిచూశారో తారీకు వేయండి. వద్దనుకున్నవాళ్లకు 19 డాలర్లు పూర్తిగా తిరిగివ్వండి. పేజీల వారీగా మేం గుర్తించిన తప్పులను, సరైన వివరాలతో సహా దీనికి జతచేశాం. కొత్త ప్రతిని అచ్చుకు ముందు సరిచూడమంటే ఆ పని ఉచితంగా చేసిపెడతాం.

టర్టిల్‌బ్యాక్ విషయంలో రెండు రోజుల్లో, మిగతావాటికి 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. రెండు రోజుల్లో ఆ పేజీ పోకపోతే గార్జెస్ పార్కు రేంజర్లకూ, రాష్ట్ర వినియోగదారుల రక్షణ విభాగానికీ ఈ ఉత్తరం నకలు పంపుతాం.

ఇట్లు,
మీ గైడ్ కొన్న షార్లెట్ తెలుగు కుటుంబాలు

జతచేసినవి: తప్పొప్పుల పట్టిక, కొనుగోలు రసీదుల నకళ్లు