పురుగుమందును తట్టుకునే కందిరీగలను కాపాడండి: వ్యవసాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ట్రైకోకార్డులు, అంటే పంట పురుగులను అదుపుచేసే ట్రైకోగ్రామా కందిరీగలను చేలో వదలడానికి కట్టే కార్డులు, తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. రోజూ నా కళ్ల ముందు జరిగేదే మీకు రాస్తున్నాను.

ట్రైకోగ్రామా కందిరీగ అర మిల్లీమీటరు కూడా ఉండదు. లెన్సు కింద చూస్తే, పురుగు గుడ్డు మీదెక్కి మీసాలతో తడుముతూ తిరుగుతుంటుంది. నచ్చితే అందులో తన గుడ్డు పెడుతుంది. నాలుగైదు రోజుల్లో ఆ గుడ్డు నల్లబడుతుంది, తర్వాత అందులోంచి పురుగుకు బదులు ఇంకో కందిరీగ వస్తుంది. ఇదే కందిరీగను మందు పూసి ఆరబెట్టిన గాజు గొట్టంలో వదిలితే, చాలా మందుల విషయంలో తెల్లారేసరికి అడుగున పొడిలా రాలి ఉంటుంది. కార్డులు కట్టిన చేలో రెండు రోజులకే మందు కొడితే జరిగేదీ ఇదే.

అయితే అన్ని కందిరీగలూ అలా చావవు. నిల్వ ధాన్యంలో ముక్కుపురుగులను చంపే అనిసోప్టెరోమాలస్ కలాండ్రే అనే కందిరీగలో, మలాథియాన్ అనే పురుగుమందును మామూలు వాటికంటే 2000 రెట్లకు పైగా తట్టుకునే రకం అమెరికాలో దొరికింది. మలాథియాన్‌ను విరిచేసే ఎంజైమ్ జన్యువులో ఒక్క అక్షరం మారి, ఆ ఎంజైములో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట గ్లైసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం వచ్చింది. ఆ మార్పుకూ నిరోధానికీ, అంటే మందును తట్టుకునే శక్తికీ, సంబంధం ఉందని 1999లో చూపించారు.

కందిరీగల్లో మగవి ఫలదీకరణ కాని గుడ్ల నుంచి పుడతాయి కాబట్టి వాటికి ఒక్క సెట్టు క్రోమోజోములే ఉంటాయి. అంతర్గత జన్యువైనా సరే, అంటే జంటలోని రెండో కాపీ ఉంటే బయటపడనిదైనా, ఇంకో కాపీ చాటున దాక్కునే వీలు లేదు. మగవాటిలో వెంటనే బయటపడుతుంది. మరి నిరోధం పురుగుల్లో వచ్చినంత తొందరగా వీటిలో ఎందుకు రాదు? మందు కొట్టాక బతికిన పురుగుకు తినడానికి ఆకు ఉంటుంది. బతికిన కందిరీగకు గుడ్డు పెట్టడానికి పురుగే దొరకదు. ఎంతో విలువైన ఆ జన్యువు పిల్లలకు అందకుండానే పోతుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

చేలో కుదరనిది ల్యాబులో కుదురుతుంది. కాలిఫోర్నియాలో అక్రోటు తోటల పేనుబంక మీద బతికే ట్రయాక్సిస్ పాలిడస్ అనే కందిరీగను 1980ల్లో శాస్త్రవేత్త మార్జొరీ హోయ్ బృందం తరతరాలుగా ఎంపిక చేసి, అజిన్‌ఫాస్ మిథైల్ అనే పురుగుమందును తట్టుకునేలా చేసింది. బెంగళూరు శాస్త్రవేత్తలు ట్రైకోగ్రామాలోనే ఎండోసల్ఫాన్ అనే పురుగుమందును తట్టుకునే రకాన్ని సాధించారు. తర్వాత 2011లో, ప్రమాదకర రసాయనాలపై అంతర్జాతీయ ఒప్పందమైన స్టాక్‌హోమ్ ఒప్పంద దేశాలు ఎండోసల్ఫాన్‌నే తొలగించాల్సిన రసాయనాల జాబితాలో చేర్చాయి. ఒక్క మందును నమ్ముకుని పెంచిన రకానికి, ఆ మందే పోతే పని ఉండదన్న ఈ టెన్షన్ ఎప్పుడూ తప్పదు.

అందుకే అడుగుతున్నాను. ఇలాంటి రకాలను మామూలు కల్చర్‌తో, అంటే ల్యాబులో పెంచే మామూలు కందిరీగలతో, కలపకుండా, విడిగా పెంచే ఏర్పాటు చేయించండి. కలిస్తే కొన్ని తరాల్లోనే ఆ జన్యువు పలచబడిపోతుంది. కొన్ని తరాలకొకసారి మందు మీద పరీక్ష పెట్టాలి. నిరోధానికి కారణమైన జన్యువేదో కూడా తెలుసుకోవాలి, అప్పుడే కొత్త మందుకు కొత్త రకాన్ని వెతకడం సులువవుతుంది. ఇక ఏ మందుకైనా అనుమతి ఇచ్చే ముందు కందిరీగల మీద పరీక్షను తప్పనిసరి చేయండి. ఆ మందు కొట్టాక ఎన్ని రోజులకు కార్డులు కట్టొచ్చో డబ్బా మీద రైతుకు అర్థమయ్యే భాషలో రాయించండి.

ఇట్లు,
ల్యాబు ఉద్యోగి